సూర్యునిపై జెట్లు: కదలిక, అయస్కాంత నిర్మాణం

సూర్యుని గురించి తెలుగులో వచ్చే వ్యాసాల్లో 'జ్వాల' అనే మాటకు పని ఎక్కువ. సూర్యబింబం అంచున గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు వారాల తరబడి, వేలాడుతుండే ఎర్రని తోరణమూ జ్వాలే. నిమిషాల్లో తళుక్కుమని వెలిగి చల్లారిపోయే ప్రకాశమూ జ్వాలే. సన్నని ధారగా పైకి చిమ్ముకుపోయే ద్రవ్యమూ జ్వాలే. ఇంగ్లీషులో వీటికి వరసగా ప్రామినెన్స్, ఫ్లేర్, జెట్ అని మూడు పేర్లున్నాయి. మా విద్యార్థుల జవాబు పత్రాల్లో ఈ మూడూ ఒకటైపోవడం తరచు చూస్తున్నాము. ఇది వట్టి పరిభాష చిక్కే అయితే ఇంత రాయనక్కరలేదు. జ్వాల అనగానే ఏదో మండుతున్నదనీ, మంట కనుకనే పైకి లేస్తున్నదనీ మనసుకు తోస్తుంది. పొయ్యిలో కట్టె మండిన అర్థంలో సూర్యునిపై ఏదీ మండడం లేదు. మంట అనే ఊహ వదులుకుంటే తప్ప జెట్ ఎందుకు పుడుతుందో, ఎటు కదులుతుందో, కదులుతూ ఎందుకు మెలి తిరుగుతుందో బోధపడదు. ఈ వ్యాసం ఆ మూడవదాని గురించి.

ఈ పత్రిక చదివేవారిలో కొందరు వ్యాసర్పాడి, పెరంబూరు వైపు నుంచి వస్తారు. వ్యాసర్పాడికీ సూర్యునికీ ఒక పాత లంకె ఉంది. అక్కడి శివాలయంలోని దేవుడు రవీశ్వరుడు. సూర్యుడు అక్కడ శివుణ్ణి కొలిచాడని స్థలపురాణం. తమిళ వాడుకలో ఆయన 'ఇరవీశ్వరర్'. ర-కారంతో మాట మొదలుకావడం తమిళ సంప్రదాయానికి ఒప్పదు కనుక రామన్ 'ఇరామన్' అయినట్టే రవికి ముందు ఒక ఇ-కారం వచ్చి చేరింది. ఆ వీధుల్లో పెరిగిన తెలుగు పిల్లలకు ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, సైన్సు పుస్తకంలో మరొకటి. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి పాఠ్యభాగమైంది. దాంతో ఇంటి భాష మరింతగా ఇంటికే పరిమితమవుతున్నది. అటువంటి ఇంటి మాటలతో సౌరభౌతికం చెప్పడం సాధ్యమా అన్నది మాకు ఊసుపోక వేసుకునే ప్రశ్న కాదు. చెప్పి చూద్దాం.

దీపావళి నాటి చిచ్చుబుడ్డిని తలచుకోండి. మీ వీధిలో దాన్ని పుస్వాణం అంటారేమో. కింద మందు అంటుకుంటుంది, వాయువు పుడుతుంది, ఇరుకు మూతి గుండా నిప్పురవ్వలు పైకి చిమ్ముతాయి, గొడుగులా విచ్చుకొని నేల రాలతాయి. సూర్యునిపై జెట్ మొదటిచూపుకు ఇలాగే ఉంటుంది. అడుగున ఒక వెలుగు, పైన ఒక ధార. కాని పోలిక అక్కడితో సరి. చిచ్చుబుడ్డి రవ్వ మూతి దాటిందంటే దాన్ని శాసించేది భూమ్యాకర్షణే. సూర్యుని ఉపరితలంపై ఆకర్షణ భూమిపై ఉన్నదానికి సుమారు 28 రెట్లు. పైకి విసిరిన ద్రవ్యం ఆ లెక్క ప్రకారమే వేగం కోల్పోవాలి, ఆ లెక్క ప్రకారమే రాలాలి. కొలిచి చూస్తే లెక్క కుదరదు. పైగా జెట్లు నిట్టనిలువుగా లేవవలసిన అగత్యమేమీ లేనట్టు ఒక పక్కకు వాలి లేస్తాయి, వంపు తిరుగుతాయి, బారు పొడవునా సన్నగానే ఉంటాయి గాని గొడుగులా విచ్చుకోవు. వాటిని ఏదో పట్టి ఉంచుతున్నది. దారి చూపుతున్నది. అది కంటికి కనిపించదు.

కనిపించనిదాన్ని కదలికను బట్టి పట్టుకోవడం ఎలా మొదలైందో చెప్పాలంటే తెలుగునాటికే వెళ్ళాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ దక్కన్ మీదుగా సాగి కోస్తా జిల్లాల వద్ద సముద్రం చేరింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళవేత్త జాన్సెన్ గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట తన పరికరాలు అమర్చుకున్నాడు. మేజర్ టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు నక్షత్రశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. ఆ నక్షత్రశాలలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తి నుంచి పరిశీలించారు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటినప్పుడు ఆ సంగతి సామాన్యులకు తెలియజెప్పడానికి దేశభాషల్లో పుస్తకం వేయించినవారూ ఈయనే. గుంటూరులో చీకటి అయిదు నిమిషాలకు పైగా నిలిచింది. చంద్రబింబం అంచున ఎర్రని శిఖలు కనిపించాయి. వాటిలో ఒకటి కొమ్ములా లేచి లక్ష కిలోమీటర్లకు మించిన ఎత్తున నిలిచింది. దాన్ని ఇంగ్లీషువారు 'పెద్ద కొమ్ము' అనే పిలిచారు. టెనెంట్ బృందం తీసిన ఛాయాచిత్రాల్లో అది పురి పెట్టిన తాడులా మెలి తిరిగినట్టు కనబడుతుంది. ఆ మెలిక సంగతి ముందు ముందు అక్కరకు వస్తుంది.

ఆనాడు వర్ణపటదర్శినిలో శిఖల వెలుగు ఇంద్రధనుస్సులా పరుచుకోలేదు, విడివిడి గీతలుగా తేలింది. అంటే శిఖలు కాగుతున్న వాయువులు. ముఖ్యంగా హైడ్రోజన్. సోడియానిది కాని ఒక పసుపు గీత కూడా ఆ గ్రహణ పరిశీలనలతోనే చర్చకు వచ్చింది. దాని మూలకానికి తరువాత హీలియమని పేరు పడింది, భూమిపై అది దొరకడానికి 1895 దాకా పట్టింది. కథల్లో హీలియానికే పెద్దపీట వేస్తారు. మా విషయానికి మాత్రం మరునాడు జరిగినదే ముఖ్యం. ఆ గీతలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకున్నా కనిపించాలి కదా అనుకున్న జాన్సెన్, ఆగస్టు 19 ఉదయం సూర్యుని అంచుకు చీలిక గురిపెట్టి వాటిని మళ్ళీ చూశాడు. ఇంగ్లండులో లాకియర్ గ్రహణంతో పని లేకుండానే అదే ఏడాది అక్టోబరులో అదే ఫలితం సాధించాడు. అంతవరకు గ్రహణం పట్టిన కొన్ని నిమిషాలు మాత్రమే చూడగలిగిన శిఖలను ఇక ఏ రోజైనా, గంటల తరబడి చూడవచ్చు. చూడగలిగితేనే కదా, కదులుతున్నాయో లేదో తెలిసేది.

కదలికను కొలిచే పద్ధతి వ్యాసర్పాడి జీవా స్టేషనులో నిలబడినవారికి కొత్తది కాదు. ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ కూత దగ్గరకు వస్తున్నప్పుడు సన్నగా, దాటిపోగానే బొంగురుగా వినిపిస్తుంది. కాంతికీ అంతే. మనవైపు వచ్చే వాయువు గీత నీలం వైపు జరుగుతుంది, దూరమయ్యేదాని గీత ఎరుపు వైపు జరుగుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే వేగం తెలుస్తుంది. ఈ పద్ధతితోనే ఎవర్షెడ్ 1909 జనవరిలో కొడైకెనాల్‌లో ఒక సంగతి కనిపెట్టాడు. సూర్యమచ్చ చుట్టూ ఉండే బూడిదరంగు వలయంలో వాయువు నడుమ నుంచి అంచుకు, ఇంచుమించు నేలబారుగా, పారుతున్నది. అంతకు కొద్ది నెలల ముందే, 1908లో, అమెరికాలో హేల్ మచ్చల్లో బలమైన అయస్కాంత క్షేత్రం ఉందని రుజువు చేశాడు. క్షేత్రంలో ఉన్న వాయువు గీత రెండు మూడుగా చీలుతుంది; ఆ చీలికే ఆయన ఆధారం. వాయువు నేలబారుగా పారే చోటనే అయస్కాంత రేఖలూ నేలబారుగా వాలి ఉన్నాయని తరువాతి పరిశోధనలు తేల్చాయి. మద్రాసు నక్షత్రశాలకు వారసురాలిగా 1899లో నెలకొన్న కొడైకెనాల్ వేధశాల పేరు సౌరభౌతికంలో ఇప్పటికీ వినిపించడానికి ఇదొక కారణం.

వాయువు అయస్కాంత రేఖల మాట ఎందుకు వినాలి? సూర్యునిపై వేడికి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అలా విద్యుదావేశం పొందిన వాయువును ప్లాస్మా అంటారు. ఒక పూసల దండ తీసుకోండి. పూస దారం వెంట సులువుగా జారుతుంది. అడ్డంగా లాగామా, దారం కూడా వెంటవస్తుంది. ప్లాస్మాకూ బలరేఖకూ ఉన్న సంబంధం అదే. దీన్ని 1940లలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆల్వెన్ సూత్రీకరించాడు. (బలరేఖలు నిజమైన దారాలు కావు. కాగితంపై ఇనుపరజను చల్లి అడుగున అయస్కాంతం పెడితే రజను తీరే వరసలవంటివి. క్షేత్రం దిశ చెప్పడానికి మనం గీసుకునే గీతలు.) అయితే దండలో పూస బరువా, దారం బిగువా అన్నది చోటును బట్టి మారుతుంది. సూర్యుని కంటికి కనిపించే పొర కాంతిమండలం. దాని కింద ప్లాస్మా దట్టం. అక్కడ పూసల మాట చెల్లుతుంది. అవి ఎటు కుమ్మితే దారాలు అటు పోతాయి, చిక్కుపడతాయి, మెలి తిరుగుతాయి. పైన కరోనాలో ప్లాస్మా అతి పలుచన. అక్కడ దారం మాట చెల్లుతుంది. కింద పడిన చిక్కు పైన ఎప్పుడో ఒకప్పుడు తీరాలి. ఆ తీరడాల్లో ఒక రకం జెట్.

జెట్లలోనూ చిన్నా పెద్దా ఉన్నాయి. వర్ణమండలంలో సూదుల్లా లేచే స్పిక్యూళ్ళను ఇటలీ ఖగోళవేత్త సెక్కి 1870ల్లోనే వర్ణించాడు. సూర్యుని అంచు వాటితో గడ్డిమేటలా కనిపిస్తుంది. కరోనాలోని పెద్ద జెట్లు మాత్రం 1991లో జపాను ప్రయోగించిన యోకో ఉపగ్రహం ఎక్స్‌-కిరణాలలో చూసేదాకా సరిగా బయటపడలేదు. షిమోజో, ఆయన సహచరులు 1996లో ప్రకటించిన లెక్కల ప్రకారం ఇవి కొన్ని పదివేల నుంచి నాలుగు లక్షల కిలోమీటర్ల దాకా పొడవుంటాయి. భూమి వ్యాసం 12,700 కిలోమీటర్లని గుర్తుంచుకుంటే పరిమాణం తెలుస్తుంది. వేగం సెకనుకు 10 నుంచి 1000 కిలోమీటర్లు, సగటున 200. సూర్యుని ఆకర్షణ నుంచి తప్పించుకోవడానికి సెకనుకు 618 కిలోమీటర్లు కావాలి కనుక చాలా జెట్లలోని ద్రవ్యంలో ఎక్కువ భాగం తిరిగి పడేదే.

ఇక నిర్మాణం. యోకో చిత్రాల్లో జెట్ తలకిందులుగా నాటిన పంగకర్రలా ఉంటుంది. రెండు కాళ్ళు నేలమీద, పొడుగు కొయ్య ఆకాశంలోకి. చిత్రమేమంటే అడుగున వెలిగే చుక్క రెండు కాళ్ళ నడుమ ఉండదు, ఒక కాలి దగ్గర ఉంటుంది. చిచ్చుబుడ్డిలా కింది పేలుడు పైకి తోసేదే అయితే వెలుగు నడుమ ఉండాలి. పక్కకు ఎందుకు జరిగింది?

సూర్యుని ధ్రువాల దగ్గర విశాలమైన ప్రాంతాల్లో బలరేఖలన్నీ ఒకే ధ్రువత్వంతో, ఇంచుమించు సమాంతరంగా అంతరిక్షంలోకి తెరుచుకొని ఉంటాయి. వరిమడిలా అనుకోండి. ఆ మడి నడుమ ఎదురు ధ్రువత్వం ఉన్న చిన్న ముక్క కింద నుంచి పొడుచుకొచ్చింది. దాని రేఖలు అంతరిక్షంలోకి పోవు, పక్కకు వంగి చుట్టూ ఉన్న నేలలోనే దిగుతాయి. తెరిచిన గొడుగును నేలపై బోర్లించినట్టు ఒక గుమ్మటం ఏర్పడుతుంది. గొడుగు కొన పైకి పొడుచుకున్నట్టు గుమ్మటం నెత్తి నుంచి ఒక రేఖ ఆకాశంలోకి సాగుతుంది. కొనా గుడ్డా కలిసే చోట ఎదురెదురు క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకొని బలం సున్నా అవుతుంది. పంగకర్ర అన్నది ఈ గొడుగును పక్క నుంచి చూసిన రూపమే.

ఆ సున్నా చోట, గుమ్మటంలోని రేఖలూ బయటి రేఖలూ ఎదురు దిశల్లో ఒకదానికొకటి ఒత్తుకున్నప్పుడు, దండలో పూసల నియమం ఒక పలుచని పొరలో చెల్లకుండా పోతుంది. దారాలు తెగి, జతలు మార్చుకొని అతుక్కుంటాయి. దీనికి శాస్త్రగ్రంథాల్లో పునస్సంధానం అని పేరు. 1996లో మూతబడిన పెరంబూరు బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల్లో పనిచేసిన పెద్దలు ఇంట్లో ఉంటే తెగిన పోగు అతకడమంటే ఏమిటో చెబుతారు. ఇక్కడ తేడా ఒక్కటే. తెగిన పోగు తన రెండో సగంతో గాక పక్క పోగు సగంతో అతుక్కుంటుంది. కొత్తగా అతుకుపడిన రేఖ వాడిగా వంగి ఉంటుంది. అది ఉండేలు రబ్బరులా సాగి ఉన్నదే. ఒక్కసారిగా నిటారు కాబోతుంది, తనపై ఉన్న ప్లాస్మాను విసురుతుంది. పైకి విసిరినది తెరుచుకున్న రేఖల వెంట జెట్ అయింది. కిందికి విసిరినది గుమ్మటం ఒక పక్కన కొత్త కమానులో చిక్కుకొని వేడెక్కి వెలిగే చుక్క అయింది. వెలుగు ఒక కాలి దగ్గర ఉండడానికి కారణం ఇది.

2015లో స్టర్లింగ్, మూర్, వారి సహచరులు 20 ధ్రువ జెట్లను పరిశీలించి దీనికి ముఖ్యమైన చేర్పు చేశారు. జెట్ పుట్టకముందు గుమ్మటంలో ఒక పక్కన, మెలి తిరిగిన రేఖల పడకపై, చల్లని నల్లని తంతువు ఒకటి పడుకొని ఉంటుంది. పెద్ద సౌర విస్ఫోటాల్లో కనిపించే తంతువుకు ఇది పిల్లరూపం. ఆ పడక పట్టుతప్పి పైకి లేస్తుంది. వెలిగే చుక్క అది ఖాళీ చేసి వెళ్ళిన చోటు. లేచిన తంతువు గుమ్మటం నెత్తిన బయటి రేఖలను ఒత్తినప్పుడు రెండవ పునస్సంధానం జరిగి జెట్ బయలుదేరుతుంది. కాబట్టి చాలా జెట్లలో పదిలక్షల డిగ్రీల వేడి ప్లాస్మాతో పాటు దానికంటే ఎంతో చల్లని ద్రవ్యం కూడా పక్కపక్కనే పోతుంటుంది. మంట అనే ఊహతో దీన్ని వివరించలేము.

మెలిక సంగతికి వద్దాం. తంతువును మోసే రేఖలకు పురి ఉంది, బయటి తెరుచుకున్న రేఖలకు లేదు. రెండూ అతుక్కోగానే పురి ఉన్న సగం, పురి లేని సగం ఒకే దారమవుతాయి. గట్టిగా పురి పెట్టిన తాడు ఒక కొస వదిలేస్తే ఏమవుతుందో బావి దగ్గర నీళ్ళు తోడినవారికి తెలుసు. గిరగిరా తిరుగుతూ పురి విప్పుకుంటుంది. జెట్ కూడా పైకి పోతూ తన చుట్టూ తాను తిరుగుతుంది. ('పురి విప్పిన నెమలి' అన్నప్పటి పురి వేరు, అది నెమలి పింఛం.) దీన్ని ఎలా చూశారంటే, జెట్ ఒక అంచు నుంచి వచ్చే గీత నీలం వైపు, రెండో అంచు గీత ఎరుపు వైపు జరిగి ఉంటాయి. 1995 డిసెంబరులో బయలుదేరిన సోహో వంటి నౌకల వర్ణపటాల్లో ఈ జంట జరుగుబాటు కనిపించింది. కాంతిమండలంలో అయస్కాంత క్షేత్రాన్ని గీతల చీలికతో కొలవగలం గాని కరోనాలో అది మహా బలహీనం. హవాయిలోని నాలుగు మీటర్ల ఇనౌయే దూరదర్శినితో కరోనా క్షేత్రపటాలు వెలువడింది 2024లోనే. అంతవరకు, చాలామటుకు ఇప్పటికీ, పైన ఎంత పురి ఉందో చెప్పే ముఖ్య సాక్షి జెట్ తిరుగుడే. గుంటూరు ఛాయాచిత్రాల్లోని కొమ్ము జెట్ కాదు, శిఖ. కాని అయస్కాంత పురి అనే ఊహే లేని కాలంలో దాని మెలిక పలకపై నమోదైంది.

ఇంతవరకు 'జెట్' అనే రాస్తూ వచ్చాము. తమిళంలో దీన్ని 'తారై' అంటారు, మన 'ధార'కు చుట్టం. తెలుగులో ధార అంటే పాలధార, నూనెధార వలె తెగకుండా సాగేది. జెట్ నిమిషాల్లో ముగిసేది. 'చిమ్ము' అన్న క్రియకు వేగమూ ఉంది, క్షణికతా ఉంది. 'చిమ్ముధార' అంటే రెండూ కలిసివస్తాయని మా అభిప్రాయం. నచ్చనివారు జెట్ అని తెలుగు లిపిలో రాసుకోవచ్చు. ఊళ్ళో జెట్ విమానం అనని వారెవరు? అభ్యంతరమల్లా జ్వాల మీదనే. దాన్ని ఫ్లేర్‌కు మాత్రం ఉంచి, వేలాడే తోరణాన్ని సౌరశిఖ అంటే చదివేవాడికి మూడు వేరు వేరు సంగతులని మొదటనే తెలుస్తుంది.

ఇన్ని జెట్లు ఎందుకు లెక్కపెడుతున్నారన్న ప్రశ్న మిగిలింది. సూర్యుని నుంచి నిత్యం అన్ని దిక్కులా ప్లాస్మా వీస్తుంటుంది. ఈ సౌరపవనాన్ని 1958లో పార్కర్ గణితంతో ఊహించాడు. దాని వేగవంతమైన పాయ, కరోనాలో తెరుచుకున్న రేఖలుండే రంధ్రాల నుంచి వస్తుంది. సరిగ్గా జెట్లు పుట్టే చోటు. పెద్ద జెట్లు ఆ పవనాన్ని పోషించేటన్ని లేవు. 2022 మార్చిలో సోలార్ ఆర్బిటర్ నౌక దక్షిణధ్రువం దగ్గరి రంధ్రాన్ని తీసిన చిత్రాల్లో, కొన్ని వందల కిలోమీటర్ల పరిమాణంతో, 20 నుంచి 100 సెకన్లు మాత్రమే బతికే బుల్లి జెట్లు రంధ్రమంతటా కనిపించాయి. వేగం సెకనుకు సుమారు 100 కిలోమీటర్లు. చిట్టా లక్ష్మీ ప్రదీప్, ఆయన సహచరులు దీన్ని 2023లో ప్రకటించారు. వీటిలో కొన్నింటికి అదే పంగకర్ర ఆకారం ఉంది. సౌరపవనం ఎడతెగని ప్రవాహం కాదు, లెక్కలేనన్ని చిన్న చిమ్ముల మొత్తం కావచ్చునని వారి సూచన. పార్కర్ పేరనే 2018లో వెళ్ళిన నౌక సూర్యుని చేరువలో సౌరపవనపు బలరేఖలు ఉన్నట్టుండి వెనక్కి మడతపడుతుండడం చూసింది. ఆ మడతలు జెట్లలో పునస్సంధానమైన రేఖల గుర్తులేనా అన్నదానిపై వాదం నడుస్తున్నది.

మన పొరుగునే ఉన్న శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన తన కక్ష్య చేరింది. అందులో బెంగుళూరు భారత ఖగోళభౌతిక సంస్థవారి కరోనాదర్శిని సూర్యుని అంచు పక్కనే చూస్తుంది, పూనావారి అతినీలలోహిత దూరదర్శిని బింబాన్నే చూస్తుంది, మరో రెండు పరికరాలు ఎదురొచ్చే సౌరపవన కణాలను పట్టి లెక్కపెడతాయి, అయస్కాంతమాపకం ఆ పవనం మోసుకొచ్చే క్షేత్రాన్ని కొలుస్తుంది. అంచున ఒక చిమ్ముధార లేచి రెండు మూడు రోజులు గడిచాక ఆ కణాలు అక్కడికి చేరితే, వాటి క్షేత్రంలో పురి ఇంకా మిగిలి ఉందో, దారిలోనే విప్పుకున్నదో చూడవచ్చు.